నార్మలైజేషన్ ఫార్ములా చెయ్యలేని పని, అది చెయ్యగలిగే మనుషులు

ఎప్‌సెట్ కావచ్చు, డీఎస్సీ కావచ్చు, జేఈఈ మెయిన్ కావచ్చు, రిజల్ట్ వచ్చిన గంటలోపే ఒకే ప్రశ్న అందరి నోటా వినిపిస్తుంది. కీ చూసుకుంటే నాకు 84 వచ్చాయి, మా ఫ్రెండ్‌కి 80, మరి వాడి ర్యాంకు నాకంటే ముందెందుకుంది? జవాబు ఒక్క ముక్కలో చెప్పేస్తారు: షిఫ్టులు వేరు, నార్మలైజేషన్ చేశారు. ఆ మాట విన్నాక కొందరు ఇదంతా మోసమని తేల్చేస్తారు, ఇంకొందరు అంత పెద్ద లెక్కలు మనకెందుకులే అని ఊరుకుంటారు. నన్నడిగితే రెండూ తొందరపాటే. ఫార్ములాలో దాచిందేమీ లేదు, ఇంటర్ చదివినవాళ్లు ఎవరైనా కాగితం మీద వేసుకోగలిగిన లెక్క అది. చిక్కంతా ఆ ఫార్ములా దేన్ని నిజమని నమ్ముతుందో అక్కడుంది, ఆ నమ్మకం నిజమో కాదో సరిచూసే పనివాళ్లు మన దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉండటంలో ఉంది.

ముందు లెక్క చూద్దాం. ఎంసెట్ ఆంధ్రలో 2017లో, తెలంగాణలో 2018లో కంప్యూటర్ మీదికి మారింది. పేరు ఆంధ్రలో 2021లో, తెలంగాణలో 2024లో ఎప్‌సెట్ అయింది. లక్షల మందిని ఒకేసారి కూర్చోబెట్టడానికి సరిపడా కంప్యూటర్లు ఉండవు కాబట్టి రోజుకు రెండు షిఫ్టులు, కొన్ని రోజుల పాటు పరీక్ష, ఒక్కో షిఫ్టుకు ఒక్కో పేపరు. ఏ ఇద్దరు నిపుణులు కూర్చుని రాసినా రెండు పేపర్లు అచ్చం ఒకే కష్టంతో రావు. అందుకని మార్కుల్ని సర్దాలి, దీన్నే నార్మలైజేషన్ అంటారు. ఎప్‌సెట్‌లోనూ గేట్‌లోనూ వాడే పద్ధతిలో ఒక్కో షిఫ్టుకు రెండు గుర్తులు పెట్టుకుంటారు. ఒకటి, ఆ షిఫ్టులో అందరి సగటుకు స్టాండర్డ్ డీవియేషన్ (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) కలిపితే వచ్చే అంకె. రెండోది, ఆ షిఫ్టులో పైనున్న 0.1 శాతం మంది సగటు. ఇవే రెండు గుర్తులు అన్ని షిఫ్టుల్నీ కలిపి కూడా లెక్కగడతారు. తర్వాత మీ షిఫ్టు గుర్తులు రెండూ మొత్తం గుర్తులు రెండింటి మీద పడేలా మీ మార్కును జరుపుతారు.

అంకెలతో చెబితే ఇంకా తేలిక. ఊహించిన అంకెలే అనుకోండి. 160 మార్కుల పరీక్ష. పొద్దున షిఫ్టులో సగటు 50, డీవియేషన్ 20, అంటే మొదటి గుర్తు 70. పై 0.1 శాతం సగటు 140. సాయంత్రం షిఫ్టులో సగటు 60, డీవియేషన్ 21, మొదటి గుర్తు 81, పైవాళ్ల సగటు 151. అందరినీ కలిపితే మొదటి గుర్తు 76, రెండోది 148. ఇప్పుడు పొద్దున రాసి 80 తెచ్చుకున్న అమ్మాయి తన షిఫ్టు గుర్తు 70 కంటే 10 మార్కులు పైనుంది, ఆ 10ని 72/70తో (148కీ 76కీ తేడా 72, 140కీ 70కీ తేడా 70) హెచ్చించి 76కి కలుపుతారు, 86 దాటుతుంది. సాయంత్రం రాసి అదే 80 తెచ్చుకున్న అబ్బాయి తన గుర్తు 81కి ఒక మార్కు కిందున్నాడు, 75 దగ్గర ఆగుతాడు. ఒకే 80, చివరికి 11 మార్కుల తేడా. మధ్య ర్యాంకుల దగ్గర ఒక్క మార్కులో ఎంతమంది ఇరుక్కుని ఉంటారో తెలిసిన వాళ్లకి 11 మార్కులంటే ఏమిటో విడిగా చెప్పక్కర్లేదు.

జేఈఈ మెయిన్‌లో దారి వేరు. 2019 నుంచి నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ మార్కులు పక్కనపెట్టి పర్సంటైల్ ఇస్తోంది. మీ షిఫ్టులో మీతో సమానంగానో మీకంటే తక్కువగానో మార్కులు వచ్చినవాళ్లు నూటికి ఎంతమందో, అదే మీ స్కోరు, ఏడు దశాంశ స్థానాల దాకా. 2024లో 56 మందికి 100 పర్సంటైల్ వస్తే అందులో 15 మంది తెలంగాణ పిల్లలు, ఏడుగురు ఆంధ్ర పిల్లలు. ఏ షిఫ్టు టాపర్ ఆ షిఫ్టుకు 100 కాబట్టి అంతమంది ఉండటంలో వింతేమీ లేదు.

రెండు పద్ధతులూ చూడ్డానికి వేరుగా ఉన్నా లోపల నమ్మేది ఒకటే. పొద్దున వాళ్ల సగటు తక్కువ వచ్చిందంటే పేపరు కష్టమైనట్టు, పిల్లలు మాత్రం రెండు షిఫ్టుల్లోనూ ఒకే స్థాయి వాళ్లు. ఈ ఒక్క మాట నిజమైతే లెక్క న్యాయంగానే ఉంటుంది. లక్ష మందిని కంప్యూటర్ చేత లాటరీ తీయించినట్టు షిఫ్టులకు పంచితే అది చాలావరకు నిజం కూడా. కానీ ఒక షిఫ్టులో కొన్ని జిల్లాల వాళ్లే ఎక్కువున్నారనుకోండి, లేదా డీఎస్సీలో ఏదో ఒక సబ్జెక్టుకు షిఫ్టుకి కొన్ని వందల మందే ఉన్నారనుకోండి, లేదా హైదరాబాద్ సెంటర్లు ముందు నిండిపోయి చివరి రోజుల్లో దూరప్రాంతాల వాళ్లు మిగిలారనుకోండి, అప్పుడు సగటు తగ్గింది పేపర్ వల్లా, రాసినవాళ్ల వల్లా? ఫార్ములాకి ఆ సంగతి తెలియదు. తెలుసుకునే దారి దానికి లేదు. పరీక్ష అయిపోయాక చేతిలో ఉన్నవి మార్కులు మాత్రమే, ఆ మార్కుల్లో పేపరు కష్టమూ పిల్లల సత్తా కలిసిపోయి ఉంటాయి, వాటిని తర్వాత ఎంత గొప్ప గణితంతోనూ విడదీయలేం.

విడదీయాలంటే పరీక్షకు ముందే ఏర్పాటు చెయ్యాలి. దీన్ని ఈక్వేటింగ్ అంటారు. సులువైన రూపంలో చెప్పాలంటే, రెండు పేపర్లలోనూ ఓ ఇరవై ప్రశ్నలు ఉమ్మడిగా పెడతారు, వీటి పేరు యాంకర్ ప్రశ్నలు. పైన చెప్పిన పొద్దున, సాయంత్రం షిఫ్టుల్నే తీసుకోండి. ఉమ్మడి ఇరవైలో రెండు షిఫ్టుల వాళ్లూ సగటున ఎనిమిదేసి రాశారనుకుందాం. అంటే ఇద్దరూ సమానులే, 50కీ 60కీ మధ్య పది మార్కుల తేడా మొత్తం పేపరుదే, సర్దుబాటు సబబే. అలా కాక పొద్దున వాళ్లు ఏడు, సాయంత్రం వాళ్లు తొమ్మిది రాశారా, అప్పుడు కథ మారిపోతుంది. ఒకే ప్రశ్నల్ని సాయంత్రం వాళ్లు బాగా రాశారంటే వాళ్లు నిజంగానే బాగా చదివినవాళ్లు, ఆ పది మార్కుల్లో కొంత వాళ్ల కష్టార్జితం. దాన్ని పేపరు ఈజీగా ఉందన్న పేరుతో తీసేసి అవతలి వాళ్లకి కలిపితే ఎవరికి అన్యాయం జరిగిందో ఎవరికీ కనిపించదు, జరిగినవాళ్లకి కూడా.

అయితే మన దగ్గర యాంకర్ పెట్టడం అంత తేలిక కాదు. పొద్దున షిఫ్టు వాళ్లు బయటికొచ్చిన అరగంటలో ప్రశ్నలు టెలిగ్రామ్ గ్రూపుల్లో ఉంటాయి, సాయంత్రానికి కోచింగ్ సెంటర్లు జవాబులతో సహా పీడీఎఫ్ చేసి పంచేస్తాయి. అందుకే ఈ వృత్తి లోతుగా పాతుకున్న చోట ఇంకో దారి పట్టారు. ప్రశ్నను అసలు పరీక్షలో పెట్టడానికి ముందే, మార్కులు లెక్కలోకి రాని విధంగా వేల మంది చేత రాయించి, అది ఎంత కష్టమో ముందే కొలిచి, ఆ కొలతతో సహా ప్రశ్నల నిధిలో దాచిపెడతారు. మన పిల్లలు అంతమంది రాసే జీఆర్‌ఈలో 2023 సెప్టెంబర్‌లో పరీక్షను కుదించేదాకా స్కోరుకు పనికిరాని సెక్షన్ ఒకటి ఉండేది, అది ఏదో రాసేవాళ్లకి చెప్పేవాళ్లు కాదు. ఇప్పటి డిజిటల్ శాట్‌లో ఒక్కో మాడ్యూల్‌లో రెండేసి ప్రశ్నలు ఇలాంటివే. ఈ కొలతలు తీయడానికి వాడే గణితానికి ఐటమ్ రెస్పాన్స్ థియరీ అని పేరు. డెన్మార్క్ గణితవేత్త జార్జ్ రాష్ 1960లో ప్రచురించిన నమూనా దీనికి ఒక పునాది, అమెరికాలో ఫ్రెడరిక్ లార్డ్ చేసిన పని ఇంకొకటి. ప్రశ్న కష్టాన్నీ మనిషి సామర్థ్యాన్నీ ఒకే కొలబద్ద మీద పెట్టడం దీని కిటుకు. అలా కొలిచిన ప్రశ్నలతో పేపరు తయారైతే మంగళవారం రాసినా శుక్రవారం రాసినా ఒకటే, అందుకే అమీర్‌పేటలో ఎవరూ జీఆర్‌ఈ ఏ షిఫ్టు ఈజీగా వచ్చిందని అడగరు.

షిఫ్టుల గొడవ కంటే పెద్దదీ, దాదాపు ఎవరూ పట్టించుకోనిదీ ఇంకొకటుంది, టీచర్ల అర్హత పరీక్ష టెట్. టెట్ మార్కులకు డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ. 2021 నుంచి టెట్ చెల్లుబాటు జీవితకాలం. అంటే ఉమ్మడి రాష్ట్రంలో పెన్నుతో ఓఎంఆర్ షీటు నింపి 150కి 110 తెచ్చుకున్న అక్కా, ఏళ్ల తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని వేరే పేపర్లో 110 తెచ్చుకున్న తమ్ముడూ డీఎస్సీ మెరిట్ లిస్టులో సమానం. నార్మలైజేషన్ చేసేది ఒక టెట్ లోపలి షిఫ్టుల మధ్యే. ఒక టెట్‌కీ ఇంకో టెట్‌కీ మధ్య ఏ లంకే లేదు, ఉమ్మడి ప్రశ్న ఒక్కటి లేదు, ఆ రెండు 110లూ ఒకటేనని ఎవరూ కొలిచి చెప్పలేదు, అయినా మెరిట్ లిస్టులో పాయింట్ తర్వాత అంకెల తేడాతో ఉద్యోగాలు పోతున్నాయి. కిరాణా కొట్లో కాటాకైతే తూనికలు కొలతల శాఖ వాళ్లొచ్చి ముద్ర వేస్తారు. జీవితాన్ని తేల్చే ఈ కాటాకు ముద్ర వేసే శాఖ లేదు.

డీఎస్సీకి చదివినవాళ్లకు ఇక్కడ ఒక విషయం వెంటనే తడుతుంది. సప్రమాణత (కొలవాల్సినదాన్నే కొలవడం), విశ్వసనీయత (మళ్లీ కొలిచినా దాదాపు అదే అంకె రావడం), విషయనిష్ఠత, ఆచరణాత్మకత, మంచి పరీక్షకు ఉండాల్సిన లక్షణాలు అంటూ మెథడాలజీలో బిట్లుగా బట్టీ పట్టిన మాటలు ఇవే. కాఠిన్యతా సూచిక అంటే ఏమిటి, విచక్షణా సూచిక ఎంతుంటే మంచిది అని వాళ్లనే అడుగుతారు. ఆ సూచికలు వాళ్లు రాసిన పేపరుకు ఎంత వచ్చాయో మాత్రం వాళ్లకి ఎవరూ చెప్పరు. చెప్పాలి, ఎందుకంటే ఆ సూచికలు నిజంగా పనిచేసే పనిముట్లు. ఎలాగంటే, మార్కుల వరుసలో పైన ఉన్న 27 శాతం మందినీ కింద ఉన్న 27 శాతం మందినీ తీసుకుని ఒక ప్రశ్నను ఎవరెంతమంది సరిగ్గా చేశారో చూస్తారు. పైవాళ్లలో 60 శాతం, కిందివాళ్లలో 20 శాతం చేస్తే తేడా 0.40, అదే విచక్షణా సూచిక, ప్రశ్న చక్కగా పనిచేస్తున్నట్టు. పైవాళ్లలో 30 శాతమే, కిందివాళ్లలో 45 శాతం చేశారంటే ఏదో తేడా ఉంది. కీ తప్పయినా అయ్యుండాలి, లేదంటే బాగా చదివినవాళ్లు ఇంకాస్త లోతుగా ఆలోచించి రెండో జవాబు కూడా సరైనదేనని కనిపెట్టి దానికి టిక్కు పెట్టి ఉండాలి. కీ విడుదలకు ముందు ఈ లెక్క ఒక్కసారి వేస్తే అనుమానం ఉన్న ప్రశ్నలు వాటంతటవే పైకి తేలతాయి. ముందుగా కొంతమంది చేత రాయించి చూస్తే ఇంకా మంచిది, అలాంటి ప్రశ్న అసలు పేపర్లోకే రాదు.

రాకుండా ఆపకపోతే ఏమవుతుందో 2024 నీట్ యూజీలో దేశమంతా చూసింది. ఫిజిక్స్‌లో ఒక ప్రశ్న. రెండు వాక్యాలిచ్చి ఏది సరైనదో ఏది తప్పో చెప్పమన్నారు. మొదటిది, పరమాణువులో ధనావేశాలూ రుణావేశాలూ సమానంగా ఉంటాయి కాబట్టి అది తటస్థం. రెండోది, ప్రతి మూలకం పరమాణువూ స్థిరమైనది, తనదైన వర్ణపటాన్ని ఇస్తుంది. ఫిజిక్స్ తెలిసినవాళ్లు రెండో వాక్యం తప్పంటారు, రేడియోధార్మిక మూలకాల పరమాణువులు స్థిరమైనవి కావు గదా. కానీ పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ప్రతి మూలకం అనే ఉంది. కొత్త ముద్రణలో దాన్ని చాలా మూలకాలు అని దిద్దారు. అన్నయ్య పాత పుస్తకం చదువుకున్నవాళ్లు ఒకటి పెట్టారు, కొత్తది కొనుక్కున్నవాళ్లు ఇంకొకటి పెట్టారు. పరీక్ష పెట్టిన నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ రెండూ సరైనవే అంది. 720కి 720 వచ్చిన 67 మందిలో 44 మందికి ఆ నిర్ణయం వల్లే ఫుల్ మార్కులు. విషయం సుప్రీంకోర్టుకు చేరి, కోర్టు ఐఐటీ ఢిల్లీని నిపుణుల అభిప్రాయం అడిగి, నాలుగో ఆప్షనే, అంటే మొదటి వాక్యం సరైనది, రెండోది తప్పు అన్నదే సరైనదని తేలి, లక్షల మంది ర్యాంకులు మళ్లీ మారాయి. గ్రేస్ మార్కుల గొడవలో 1,563 మంది సంగతి తేలాక 61కి దిగిన టాపర్ల సంఖ్య దీంతో 17కి వచ్చింది. ఒక్క వాక్యం. రెండు ముద్రణల పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదివే ఒక సమీక్షకుడు, లేదా ముందుగా ఐదొందల మంది చేత రాయించి జవాబులు రెండు ఆప్షన్ల మధ్య చీలిపోవడం చూసిన ఒక విశ్లేషకుడు పట్టుకోగలిగిన వాక్యం.

మన పరీక్షలన్నిటిలోనూ దాదాపు ఇదే వరస. పేపర్ సెట్టర్ రాస్తాడు, మోడరేటర్ చూస్తాడు, గోప్యత పేరుతో ఇంకెవరూ చూడరు, ప్రశ్న మొట్టమొదట ఎదురయ్యేది నేరుగా అభ్యర్థులకే. తర్వాత ప్రిలిమినరీ కీ, అభ్యంతరాలు, ఫైనల్ కీ, కోర్టు. అంటే ప్రశ్నల్ని పరీక్షించే పని జరుగుతూనే ఉంది, కాకపోతే పరీక్ష అయ్యాక, ప్రశ్నకింతని ఫీజు కట్టి, టెన్షన్‌తో నిద్రపోకుండా కూర్చుని, ఆధారాలు స్కాన్ చేసి అప్‌లోడ్ చేసే పిల్లల చేత జరుగుతోంది. నాకు మహా కోపం తెప్పించేది ఇదే.

ఈ పని చేసేవాళ్ల వృత్తికి సైకోమెట్రిక్స్ అని పేరు, విద్యా మూల్యాంకన శాస్త్రం అనుకోవచ్చు. ఇందులో నిపుణులకు దాదాపు తొంభై ఏళ్ల నాటి సంఘాలున్నాయి. సైకోమెట్రిక్ సొసైటీ 1935లో పుట్టింది, అమెరికాలో విద్యలో కొలతల జాతీయ మండలి ఎన్‌సీఎంఈ 1938లో. సంఘం అంటే ఏడాదికోసారి కలిసి టీ తాగడం కాదు. ఈ ఎన్‌సీఎంఈ, మనస్తత్వవేత్తల సంఘం ఏపీఏ, విద్యా పరిశోధకుల సంఘం ఏఈఆర్‌ఏ, ఈ మూడూ కలిసి పరీక్షలకు ప్రమాణాల గ్రంథం ఒకటి తయారుచేశాయి, దాని ఇప్పటి కూర్పు 2014 నాటిది. పరీక్ష పెట్టేవాళ్లు ఏమేం నిరూపించాలో, ఏ లెక్కలు బయటపెట్టాలో, వైకల్యం ఉన్నవాళ్లకి ఏర్పాట్లు ఎలా ఉండాలో, ఇలా అన్నీ అందులో రాసి ఉంటాయి. కోర్టులు కూడా దాన్ని చూస్తాయి. 1995లో ఎన్‌సీఎంఈ తన సభ్యులకు ప్రవర్తనా నియమావళి కూడా పెట్టింది. ఇందువల్ల ఏమవుతుందంటే, ఒక సంస్థలో పనిచేసే నిపుణుడి మీద అధికారి ఫలానా తేదీకి రిజల్ట్ కావాలని ఒత్తిడి తెస్తే, ఇది మా వృత్తి ప్రమాణాలకు విరుద్ధం అని చెప్పడానికి అతని వెనక ఒక సంఘం, ఒక పుస్తకం, బయట ఇంకో చోట ఉద్యోగం, ఇవన్నీ ఉంటాయి. ఒంటరిగా ఉన్న ఉద్యోగికి అవేవీ ఉండవు.

ఆ ప్రమాణాల్లో నాకు అన్నిటికంటే విలువైనదనిపించే మాట సప్రమాణత గురించినది. సప్రమాణత పరీక్షకు ఉండే గుణం కాదు, స్కోరును ఏ పనికి వాడుతున్నామో దాన్ని బట్టి ఉండేది అంటారు వాళ్లు. ఎప్‌సెట్ స్కోరు ఇంజనీరింగ్ సీటు పంచడానికి పనికిరావచ్చు. అదే స్కోరుతో ఫలానా జూనియర్ కాలేజీ లెక్చరర్లు గొప్పవాళ్లని హోర్డింగ్ కడితే అది వేరే వాడకం, దానికి వేరే రుజువు కావాలి.

కొలతలో పొరపాటు ఎంతో చెప్పడం కూడా ఆ వృత్తి ధర్మమే. ఏ పరీక్షా మనిషిని ఒక్క బిందువు దగ్గర పట్టుకోలేదు. 160 మార్కుల పరీక్షలో డీవియేషన్ 20, విశ్వసనీయత 0.90 అనుకుంటే, అది మంచి అంకే, కొలతలో పొరపాటు ఆరు మార్కులు దాటుతుంది. 80 వచ్చిన పిల్ల మర్నాడు అలాంటిదే ఇంకో పేపరు రాస్తే 74 రావచ్చు, 86 రావచ్చు, చదువులో ఏ మార్పూ లేకుండానే. అలాంటి కొలత మీద మనం ఏడు దశాంశాల దాకా వెళ్తున్నాం, సమానంగా వస్తే మ్యాథ్స్ మార్కులు, ఫిజిక్స్ మార్కులు, చివరికి పుట్టిన తేదీ దాకా వెళ్లి ముందూ వెనకా తేలుస్తున్నాం. సీట్లు పంచాలి కాబట్టి వరుస కట్టక తప్పదు, దాన్ని తప్పుపట్టను. కానీ 9,000 ర్యాంకు పిల్లను 11,000 ర్యాంకు పిల్లతో పోల్చి ఇంట్లో తిట్టేవాళ్లకి, ఆ రెండు ర్యాంకుల మధ్య తేడా కొలత పొరపాటులోనే కలిసిపోయి ఉండొచ్చని ర్యాంకు కార్డు మీదే ఒక వాక్యం రాసి ఉండాలని మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

చేత్తో దిద్దే పేపర్ల సంగతి ఇంకా కష్టం. 1912, 1913ల్లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే జవాబు పత్రాన్ని నకళ్లు తీసి వందమందికి పైగా టీచర్లకు పంపారు. జామెట్రీ పేపరుకు సైతం 30 లోపు నుంచి 90 పైదాకా మార్కులు వేశారు. వాల్యుయేషన్ ఇద్దరి చేత చేయించి, తేడా ఎక్కువైతే మూడోవాళ్ల దగ్గరికి పంపడం అందుకే పుట్టింది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో జరిగింది ఇంకా కింది స్థాయి తప్పు. ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా వేశారు, మళ్లీ చూస్తే 99. ఫలితాలు బయటికి పంపేముందు, మిగతా సబ్జెక్టుల్లో అన్నీ మంచి మార్కులుండి ఒక్కదాంట్లో సున్నా ఉన్నవాళ్లని విడిగా తీసి చూసే చిన్న తనిఖీ ఉంటే ఆ తప్పు ఆఫీసు దాటేది కాదు. ఆ వారాల్లో ఎన్ని ఇళ్లలో పిల్లలు పోయారో గుర్తున్నవాళ్లకి ఈ తనిఖీల గురించి ఎందుకింత పట్టుదలగా రాస్తున్నానో అర్థమవుతుంది.

మనకు ఈ విద్య కొత్తదేమీ కాదు. షికాగో యూనివర్సిటీ నుంచి బెంజమిన్ బ్లూమ్ 1957–58లో మన దేశం వచ్చి పరీక్షల సంస్కరణ మీద వర్క్‌షాపులు పెట్టాడు, 1958లో కేంద్ర పరీక్షా విభాగం ఏర్పడింది. 1961లో ఎన్‌సీఈఆర్‌టీ వచ్చాక ఆ పని దాని చేతికి వెళ్లింది. ఇవాళ బీఈడీలో రాయించే బ్లూప్రింటూ, లక్ష్యాల వారీ వెయిటేజీ పట్టికా అప్పటి నుంచి వచ్చినవే. అంటే పేపరు ఎలా రాయాలో నేర్చుకున్నాం. రాశాక అది ఎలా పనిచేసిందో కొలవడం దగ్గర ఆగిపోయాం. జాతీయ సాధన సర్వేలో మాత్రం ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు ఐటమ్ రెస్పాన్స్ థియరీ వాడుతున్నారు, 2023లో పరఖ్ అనే జాతీయ మూల్యాంకన కేంద్రం వచ్చింది, 2024 డిసెంబర్ 4న మూడు, ఆరు, తొమ్మిది తరగతుల మీద సర్వే కూడా చేసింది. విచిత్రం చూడండి, ఎవరి సీటూ ఎవరి ఉద్యోగమూ ఆధారపడని సర్వేలకు ఆధునిక పద్ధతులు వాడుతున్నాం, బతుకులు ఆధారపడే ప్రవేశ పరీక్షలకు, డీఎస్సీలకు వాడటం లేదు.

కారణాల్లో ఒకటి కోర్టులు, ఆర్టీఐ. 2011లో సుప్రీంకోర్టు జవాబు పత్రం చూసుకునే హక్కు అభ్యర్థికి ఉందంది, ప్రశ్నలూ కీ బయటపెట్టడం మన దగ్గర ఆనవాయితీ అయింది. బయటపడిన ప్రశ్న ఇక యాంకరుగా పనికిరాదు, నిధిలో ఉండదు. సైకోమెట్రిక్స్ వాళ్లు దీన్ని తలనొప్పిగా చూస్తారు. నేను ఒప్పుకోను. మన దగ్గర లీకులు, తప్పుడు కీలు, పైరవీల అనుమానాలు ఇన్ని ఉన్నప్పుడు ప్రశ్నపత్రం దాచిపెడతాం, మమ్మల్ని నమ్మండి అంటే ఎవరు నమ్ముతారు? కీ బయటపెట్టబట్టే నీట్ ప్రశ్న సంగతి తేలింది. ప్రశ్నలు బయటికి ఇస్తూనే కొలతలు తీసే దారులున్నాయి, స్కోరుకు లెక్కకట్టని ప్రశ్నల్ని మాత్రం దాచుకుని తర్వాతి ఏడాది వాడుకోవడం అందులో ఒకటి. ప్రతి పిల్లకీ వేర్వేరు ఐదు ప్రశ్నలు అలా కలిపితే కోచింగ్ వాళ్లు ఎన్నని పోగుచేస్తారు?

ఒకే రోజు ఒకే షిఫ్టు అన్న డిమాండూ ఈ అపనమ్మకంలోంచి వచ్చిందే. 2024 నవంబర్‌లో ప్రయాగ్‌రాజ్‌లో వేలమంది రోడ్డెక్కితే యూపీ సర్వీస్ కమిషన్ పీసీఎస్ ప్రిలిమ్స్‌ని ఒకే రోజుకు మార్చింది. 2025 మేలో సుప్రీంకోర్టు నీట్ పీజీని ఒకే షిఫ్టులో పెట్టమంది, రెండు పేపర్లు ఎప్పటికీ ఒకే కష్టంతో ఉండవనీ, నార్మలైజేషన్ తప్పనిసరైనప్పుడు వాడాలే తప్ప ఆనవాయితీ చెయ్యకూడదనీ అంది. సాధ్యమైన పరీక్షలకు అదే మంచిదని నేనూ అంటాను. కానీ నీట్ యూజీ ఒకే షిఫ్టే, పరమాణువు ప్రశ్న అందులోదే. టెట్‌కి టెట్‌కి మధ్య లంకె ఒకే షిఫ్టుతో రాదు.

ఇప్పటికిప్పుడు ఏం చెయ్యొచ్చంటే, కొత్త చట్టాలు, కొత్త భవనాలు ఏవీ అక్కర్లేని పని ఒకటుంది. వచ్చే ఎప్‌సెట్, వచ్చే డీఎస్సీ ఫలితాలతో పాటు కన్వీనర్ ఒక నివేదిక పెట్టాలి. ఒక్కో షిఫ్టులో ఎంతమంది రాశారు, ఏ జిల్లాల వాళ్లు, తెలుగు మీడియం వాళ్లెంత, సగటెంత, డీవియేషన్ ఎంత, పై 0.1 శాతం సగటెంత, పరీక్ష విశ్వసనీయత ఎంత. ఒక్కో ప్రశ్నను ఎంత శాతం మంది సరిగ్గా చేశారు, విచక్షణా సూచిక ఎంత, తెలుగులో చదివి రాసినవాళ్లకీ ఇంగ్లిష్‌లో రాసినవాళ్లకీ సత్తా సమానంగా ఉన్నా ఏ ప్రశ్నలో తేడా వచ్చింది. ఏ ప్రశ్న తీసేశారు, ఎందుకు తీసేశారు. ఈ నివేదిక కింద దాన్ని తయారుచేసిన నిపుణుల పేర్లూ అర్హతలూ ఉండాలి. కావలసిన జవాబుల డేటా మొత్తం రిజల్ట్ రోజుకే సర్వర్లో ఉంటుంది, స్టాటిస్టిక్స్ పీజీ చేసిన ఇద్దరు వారం రోజులు కూర్చుంటే అయ్యే పని. మన యూనివర్సిటీల్లో స్టాటిస్టిక్స్ విభాగాలున్నాయి, ఎడ్యుకేషన్ విభాగాలున్నాయి, రెండిటినీ కలిపి ఈ సబ్జెక్టులో ఒక పీజీ కోర్సు పెట్టి, పరీక్షలు పెట్టే ప్రతి సంస్థలో ఆ చదువు చదివినవాళ్లకి శాశ్వత పోస్టులు ఇవ్వొచ్చు. ఈలోగా అభ్యర్థుల సంఘాలు కోర్టుకెళ్లినప్పుడు నార్మలైజేషన్ రద్దు చెయ్యండి అని అడిగే బదులు, షిఫ్టుల కేటాయింపు ఎలా జరిగిందో, రెండు షిఫ్టుల వాళ్లూ సమానులేనని సంస్థ దేన్ని బట్టి అనుకుందో రికార్డు చూపించమని అడగాలి.